గట్టు కింద చెమ్మ

ఇవాళ పొద్దున వంటింట్లో అడుగుపెట్టగానే పాదానికి చల్లగా చెమ్మ తగిలింది. ఫ్రిజ్ కింద నుంచి కారిన నీళ్లే! అయినా గుండె ఝల్లుమంది. వంగి, వేలితో రాసి, మట్టి ఉందేమోనని చూశాను. మా ఆయన నవ్వాడు. నవ్వడూ మరి, ఆయన నూర్జహాన్ మేడమ్ దగ్గర పనిచేయలేదుగా.

వేసవిలో బందరుకు తాగునీరిచ్చే చెరువుకు ఆవిడ ఇంజినీరు. నేను గుడివాడ నుంచి వచ్చి ఆవిడ కింద కొత్తగా చేరాను. కాలువలకు నీళ్లు ఆపేశాక మళ్లీ వదిలేదాకా ఊరంతటికీ ఆ చెరువే దిక్కు. మేడమ్ రోజూ పొద్దున్నే చెప్పులు విప్పి గట్టు కింది అంచున నడిచేవారు. "చెమ్మ కంటికంటే ముందు కాలికి తెలుస్తుందమ్మాయ్" అనేవారు. నాకదంతా చాదస్తంగా తోచేది.

చెరువు నిండుగా ఉన్న ఒక ఎండాకాలపు మధ్యాహ్నం గట్టు కింద ఊట కనబడింది. గట్టు దిగువనే ఉన్న కాలనీవాళ్లంతా పొలాల్లో పెరిగినవాళ్లు. మడిగట్టుకు గండిపడితే చేసినట్టే మట్టిముద్దలు వేసి తొక్కేశారు. ఊట ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. ఇంతలో మేడమ్ అరుస్తూ పరుగెత్తుకొచ్చారు.

"తొక్కకండి బాబూ! ఇక్కడ మూస్తే లోపల ఇంకో దారి చేసుకుంటుంది. ఇసక పోయండి, కంకర పోయండి. నీళ్లు పోతే పోనీ, మట్టి పోకూడదు!"

అంటుండగానే కాస్త అవతల నీళ్లు బుడబుడా ఉబికాయి. ఆవిడ స్టీలు గ్లాసుతో పట్టి చూశారు. అంతా బురద. గట్టు లోపల్లోపలే కరిగిపోతోంది.

"పిల్లల్ని రోడ్డెక్కించండి! అమ్మాయ్, తూమెత్తి నీళ్లు డ్రెయిన్లోకి వదిలెయ్."

"ఊరికి తాగడానికో మేడమ్? పైవాళ్లను అడగొద్దా?"

"అడిగేలోపు గట్టుండదు, కింద కాలనీ ఉండదు. నాకూ భయంగానే ఉంది. ఎత్తు."

ఎత్తాను. సాయంత్రానికి ఊట తేటపడింది, గట్టు నిలిచింది. సగం చెరువు మాత్రం సముద్రం పాలైంది.

ఆ వేసవంతా బందరు ఆవిణ్ణి తిట్టిపోసింది. జనం ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు బైఠాయించారు. "మేం మట్టేసి ఆపేశాం కదండీ, ఉన్న నీళ్లన్నీ ఎందుకు పారబోశారు?" అని కాలనీవాళ్లే ఎక్కువ అరిచారు. తెగని గట్టును చూపించి ఎవరికేం చెప్పగలం? నాకు ఏడుపొచ్చింది.

"ఒక్క మాటైనా చెప్పరేంటండీ?" అని నిలదీశాను.

ఆవిడ కిటికీలోంచి వాళ్లనే చూస్తున్నారు. "కాలనీవాళ్లు అందరూ వచ్చారమ్మాయ్. చంటిపిల్లలతో సహా వచ్చారు, చూడు" అన్నారు.

ఇప్పుడా కుర్చీ నాది. వేసవిలో జనం వచ్చి తిడుతుంటే నేనూ ఒక్కొక్క ముఖమే చూసుకుంటాను. ఎవరైనా రాకపోతేనే నాకు భయం.