బావమరిది కోసం దాచిన బీరు

మొన్న ఆదివారం ఇక్కడ కెనడాలో, మా సస్కటూన్‌లోనే ఉండే ఓ మిత్రుడి ఇంటికి భోజనానికి వెళ్తే, నిరుడు తన చేత్తో తయారుచేసిన బీరని ఎంతో మురిపెంగా గ్లాసులో పోసి ఇచ్చాడు. గుక్క నోట్లో పడిందో లేదో తడిసిన అట్టపెట్టె వాసన గుప్పుమంది. మర్యాదకి బాగుందని తలూపాను గానీ, మనసు మాత్రం మా పాత ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది.

మా ఆవిడ తమ్ముడు అప్పట్లో మాతోనే ఉండేవాడు. వారమంతా వ్యవసాయ యంత్రాల కంపెనీలో ఉద్యోగం, శనివారం వస్తే ఇంట్లోనే బీరు తయారీ. తన గిన్నెలూ గరిటెలూ ముట్టుకోవద్దనీ, బేస్‌మెంట్‌లో చల్లగా ఉండే కోల్డ్‌రూంలో ఆవకాయ జాడీలున్న అరమీద బీరు సీసాలు పెట్టొద్దనీ మా ఆవిడ ఆంక్షలు పెడితే, వాడు నవ్వేసి నేలమీద సర్దుకునేవాడు. ఆ సీసాలకి చంటిపిల్లలకి చేసినంత సేవ. వెలుతురు తగలకూడదు, మడ్డి అడుక్కి దిగాలి కనక నిలబెట్టే ఉంచాలి, చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు. ఇంత చేసినా నాలుగైదు నెలలు దాటితే రుచి పోతుందనేవాడు. ఊరినకొద్దీ ఏదైనా బాగుంటుందని నమ్మి పెరిగినవాణ్ణి కదా, ఏడాది ఉంచి చూద్దామని నేనంటే పగలబడి నవ్వేవాడు.

ఒక చలికాలం వాడికి రక్తానికి సంబంధించిన జబ్బని తేలింది. ఆసుపత్రిలో చేరడానికి ముందు నింపిన సీసాలు కోల్డ్‌రూంలో ఉండిపోయాయి. ఫోన్ చేసినప్పుడల్లా, "బావగారూ, అదేం ఆవకాయ కాదండీ దాచడానికి, ఫ్రెండ్స్‌ని పిలిచి ఫినిష్ చేసేయండి" అనేవాడు. మా ఆవిడ ససేమిరా అంది. తమ్ముడు ఇంటికొచ్చి తన చేత్తో మూత తీయాల్సిందేనని పట్టుబట్టింది. తన జాడీలు వంటింట్లోకి మార్చి అర మొత్తం సీసాలకిచ్చింది, చలి ముదిరితే దుప్పటి కప్పింది, మంచు కరిగి ఎండ పొడ రాగానే కిటికీకి నల్లగుడ్డ కట్టింది. వాటికేమీ కాకపోతే వాడికీ ఏమీ కాదన్నంత నమ్మకం ఆవిడది.

వేసవి నడిమధ్యన వాడు పోయాడు.

కర్మలన్నీ అయ్యాక ఓ సాయంత్రం, బీరు ఎన్నడూ ముట్టని మా ఆవిడే ఒక సీసా తెచ్చి తెరిచింది. నురగ సరిగ్గా రాలేదు. చెరో గుక్కా తాగాం, అదే తడిసిన అట్టపెట్టె వాసన. "పాడైపోయిందండీ" అని ఒక్క మాట అని, సీసా పట్టుకునే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మిగతావన్నీ సింకులో ఒంపేశాం.

మన తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు, మంచి చీరైనా మంచి సబ్బైనా ఎవరో వస్తారని, ఏదో శుభకార్యం ఉందని బీరువాలో దాచుకుంటూ బతికాం. మా ఇంట్లో ఆ అలవాటు పూర్తిగా పోయింది. మా ఆవిడ ఏం వండినా ఆ పూటే పంచిపెట్టేస్తుంది. వచ్చే నెల వస్తాం, మా కోసం కొంచెం ఉంచండి ఆంటీ అని తెలిసినవాళ్ళ పిల్లలెవరైనా ఫోన్‌లో అడిగితే, ఉంచనమ్మా, ఇవాళే వచ్చి తినండి అంటుంది. ఆంటీకి మేమంటే ఎంత ప్రేమో అని వాళ్ళు నవ్వుకుంటూ ఫోన్ పెట్టేస్తారు.