ఇంట్ల ఏమని పిలుస్తరు?

గోదావరిఖనిలో నేను కంప్యూటర్ల పని చూసిన దవాఖానలో ఒక హెడ్ నర్సు ఉండేది. పేషెంటు వివరాలు ఎక్కించే ముందు కీబోర్డు పక్కకు జరిపి, "ఇంట్ల ఏమని పిలుస్తరు?" అని అడిగేది.

బొగ్గుబాయి పనికి మారుపేరుతో చేరినవాళ్లు మా దగ్గర చాలామంది. డ్యూటీలో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు. రెండో పేరుకు తెరమీద ఒక గడి పెట్టమని ఆమె నన్ను ఎన్నోసార్లు అడిగింది.

"పేర్లు పెట్టనీకి తొట్టెల ఫంక్షన్ కాదక్కా ఇది" అని నవ్వి తప్పించుకున్నాను.

ఒకరోజు స్పృహలేని కార్మికుణ్ణి తెచ్చారు. డ్యూటీ పేరుతో ఉన్న రికార్డులో అతనికి పడని మందులేవీ రాసి లేవు. ఇంజెక్షన్ సిద్ధమైంది. ఆమె డాక్టరును ఆగమని, అతని భార్యను అదే ప్రశ్న అడిగింది.

"ఓదెలు అంటరు బిడ్డా."

ఆ పేరు కొడితే అతనిదే ఇంకో రికార్డు బయటపడింది. సరిగ్గా ఆ ఇంజెక్షనే అతనికి పడదని అందులో ఉంది. మందు మార్చారు, మనిషి బతికాడు. నేను తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే గడి పెట్టాను.

"పనిజేస్తదా? ముందుగాల నీ పేరే ఎక్కియ్యి తమ్మీ" అందామె.

మా ఇంట్లో పిలిచే పేరు సిగ్గుపడుతూనే ఎక్కించాను. మర్నాటి నుంచి వార్డంతా నన్ను బుడ్డోడనే పిలిచింది. అప్పటికి నాకు తగిన పేరే.