తెల్మా మెడలో అట్ట

తొమ్మిదేళ్ళుగా తెల్మా ప్రిటికిన్ మహామహులతో కలిసి పాడుతోంది. ఆ సంగతి దేశంలో ఒక్క ప్రేక్షకుడికీ తెలియదు. న్యూయార్క్‌లో ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదింటికి జరిగే ఒక పాటల కార్యక్రమాన్ని దేశమంతా ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరి చూస్తారు. అందులో తెల్మా ఉద్యోగం, రిహార్సల్‌కి రాని తారల బదులు నిలబడడం. వాళ్ళ పేరు రాసిన అట్ట మెడలో వేసుకుని, కెమెరాలూ దీపాలూ కుదిరేదాకా వాళ్ళ వంతు పాడాలి. అసలు తార రాగానే అట్ట తీసి పక్కకు తప్పుకోవాలి.

గొంతు బంగారమే, ఊపిరే చాలదు. చిన్నప్పుడు న్యుమోనియా వచ్చి ఒక ఊపిరితిత్తిని సగం తినేసింది. పొడుగు చరణం వస్తే మధ్యలో ఆగి గాలి పీల్చుకోక తప్పదు. ఇరవయ్యో ఏట గడప గడపా తొక్కితే అందరూ అదే వంక పెట్టి పంపేశారు. ఈ అట్ట ఒక్కటే ఆమెను పాడనిచ్చింది.

1957 నవంబరులో ప్రొడ్యూసర్‌కి ఒక బుద్ధి పుట్టింది. ఒపెరా రాణి కాన్స్టాన్స్ ఆల్డ్రిచ్, నైట్‌క్లబ్బుల ముద్దుబిడ్డ బడ్ మకార్డిల్ కలిసి ఒక పాట పాడాలి! వాళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ. "మైకు తీసేస్తే ఆయన పాట ఆయన చొక్కా గుండీకి కూడా వినపడదు" అని ఆవిడ పత్రికలకెక్కింది. "ఆవిడ పైస్థాయి అందుకుంటే మా వీధి కుక్కలు అన్నం ముట్టవు" అని ఈయన అంటించాడు. సంతకాలైతే చేశారు గానీ, కలిసి రిహార్సల్ చేసేది లేదన్నారు.

ఇంకేముంది, భారమంతా తెల్మా మీద పడింది. సోమ, మంగళవారాలు బడ్ వచ్చాడు. ఆమె మెడలో 'కాన్స్టాన్స్'. బుధ, గురువారాలు కాన్స్టాన్స్ వచ్చింది. అదే అట్ట తిరగేస్తే 'బడ్'.

వాద్యబృందాన్ని నడిపే ఇర్వింగ్ లాస్క్ రోజూ జుట్టు పీక్కునేవాడు.

"అక్కడ ఊపిరి తియ్యకు తల్లీ! 'ఇంకొక్క నిమిషం ఉండిపో' అన్నది ఒకే ముక్క. మధ్యలో విరిస్తే పాట చచ్చిపోతుంది!"

"ముందు నేను చచ్చిపోయేలా ఉన్నాను లాస్క్ గారూ, పాట సంగతి తర్వాత చూద్దాం."

"నవ్వు, నవ్వు! ఆదివారం వాళ్ళు తడబడ్డారో, నేర్పింది నువ్వే కాబట్టి సోమవారం నుంచి నీకీ అట్ట ఉండదు!"

తెల్మా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం చివరి రిహార్సల్‌కి ఇద్దరూ వచ్చారు. గొంతు దాచుకోవాలంటూ పెదవులు మాత్రం ఆడించారు. ఒకరు కప్పు చూశారు, ఇంకొకరు నేల చూశారు.

ఎనిమిదయింది. అంతా ప్రత్యక్ష ప్రసారం, తప్పు దొర్లితే దిద్దుకునే దారే లేదు. తెరచాటున తెల్మా అట్టను నలిపేస్తోంది. బడ్ మొదటి చరణం అందుకున్నాడు, కాన్స్టాన్స్ రెండోది. ఇక ఇద్దరూ కలిసి పాడాల్సిన వాక్యం వచ్చేసింది.

"ఇంకొక్క నిమిషం..."

ఆగారు. ఇద్దరూ! ఒకేసారి! వారమంతా తెల్మాతో పాడి పాడి, ఆమె ఆగే చోటు ఇద్దరికీ పట్టుబడిపోయింది. లాస్క్ చెయ్యి కూడా అలవాటుకొద్దీ గాల్లో నిలిచిపోయింది. ముప్ఫై రెండు వాద్యాలు ఆగాయి. ఏడువందల మంది ఉన్న హాలు కిమ్మనలేదు. ఆ నిశ్శబ్దంలో బడ్, కాన్స్టాన్స్ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"...ఉండిపో."

అబ్బ, ఏం పలికింది! హాలు దద్దరిల్లింది. లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. తెల్మా ఏడుస్తూ నవ్వుతూ తనూ కొట్టింది.

తెర పడగానే కాన్స్టాన్స్ బడ్ చెయ్యి పట్టుకుంది.

"అక్కడ ఆగాలని మీకెలా తోచిందండీ?"

"నాకు తోచడమేంటి? ఆ పాటంతే కదా!"

లాస్క్ తెల్మా వంక చూడకుండా గొంతు సవరించుకున్నాడు. "సోమవారం పదింటికి రా. ఆ నలిగింది పారేసెయ్, కొత్త అట్ట నేను రాయిస్తా."

అంతలో బ్రాంక్స్‌లోని ఇంటి నుంచి ఫోను. మొగుడు సోల్.

"తెల్మా! నీ ఊపిరి టీవీలో వచ్చిందే! ఆవిడ నోటా వచ్చింది, ఆయన నోటా వచ్చింది!"

"చాల్లే, ఊపిరి మీద పేరు రాసుంటుందా ఏంటి?"

"ఇరవై రెండేళ్ళుగా పక్కన పడుకుని వింటున్నా. నాకు పేరెందుకే?"