నాన్న మూసేసిన కోట గుమ్మం

దయ్యాలు, పూనకాలు అంటే నాకు ఒళ్లుమంట. ఝపటాపూర్ పేటలో, మా తెలుగు రైల్వేవాళ్ల వీధిలో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలెడితే, ముందు వెళ్లి కళ్లు చూపించుకోమని మొహం మీదే చెప్తాను. ఇది రాయడానికీ మనసొప్పలేదు. కానీ జరిగింది మా ఇంట్లోనే.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో చెక్క నమూనాలు చేసేవారు. ఆ నమూనాని బట్టే ఇనుము పోత పోస్తారు. అందుకే డ్రాయింగులో లేనిది ఒక్క నూలు మందం కూడా పెట్టకూడదన్నది ఆయనకి వేదం. రిటైరయ్యాక ఇంట్లోనే అడిగినవాళ్లకి చిన్న చిన్న నమూనాలు చేసిపెడుతున్నారు.

నేను ప్రేమ్ బజార్‌లో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తాను. అక్కడికొచ్చే ఒక బెంగాలీ దీదీ చరిత్రలో పరిశోధన చేస్తోంది. రోమన్ల కోటకి చెక్క నమూనా కావాలంది. ఇంగ్లండు ఉత్తరాన, వాళ్ల సామ్రాజ్యం సరిహద్దు మీద సైనికులు కట్టుకున్న కోట. ఇప్పుడక్కడ మిగిలినవి నడుమెత్తు గోడలేనట. కట్టిన కొత్తలో ఎలా ఉండేదో అలా చేయాలని ఒక్క కాగితం ఇచ్చింది. దాన్ని జిరాక్స్ తీసి నాన్నకిచ్చింది నేనే. నాలుగు వైపులా నాలుగు గుమ్మాలు, ఒక్కో గుమ్మానికి పక్కపక్కనే రెండేసి దారులు. అన్నీ తెరిచే ఉన్నాయి.

నెల తర్వాత చూస్తే, పడమటి గుమ్మంలో కుడివైపు దారిని నాన్న చిన్న చెక్కముక్కలు రాళ్లలా పేర్చి మూసేశారు.

మా పెదనాన్నకి మతిమరుపు ఇలాంటి చిన్న పొరపాట్లతోనే మొదలైంది. ఆఖరికి కన్నపిల్లల్ని కూడా గుర్తుపట్టలేదు. నాన్నకీ అదే వచ్చిందనుకున్నాను.

"ఏటి నాన్నా ఇది? కాయితంలో నేదు గదా?"

"మూసీసినారమ్మా," అన్నారు ఉలి పక్కన పెట్టకుండానే. ఎవరు మూశారంటే, ఇంకో చెక్కముక్క తీసుకుని చెక్కడం మొదలెట్టారు.

పొరపాటైందని చెప్పుకోవడానికి దీదీని ఇంటికి పిలిచాను. ఆమె ఆ గుమ్మం చూసి, లాప్‌టాప్ తెరిచి ఒక ఫోటో చూపించింది. శిథిలాల్లో పడమటి గుమ్మం. కుడి దారి రాళ్లతో మూసేసి ఉంది. కట్టిన చాలా ఏళ్లకి సైనికులే మూసుకున్నారట.

ఆ ఫోటో తను ఎవరికీ చూపించలేదంది. నా ఫైళ్లు తెరిచావా అని నన్నే అడిగింది. నేనూ తక్కువ తినలేదు, నాకు తెలియకుండా నాన్నతో మాట్లాడావా అని గుచ్చిగుచ్చి అడిగాను. లేదంది. నాన్నకి ఇంగ్లీషు రాదు, ఆయనది బటన్ల ఫోను. ఇంటికెవరైనా వచ్చారేమోనని పక్కింటివాళ్లని కూడా ఆరా తీశాను. ఎవరూ రాలేదు.

డాక్టరు నాన్నకి పరీక్షలు చేసి జ్ఞాపకశక్తి నిక్షేపంగా ఉందన్నారు. సంతోషించాల్సింది. నాకు మాత్రం భయం ఇంకా పెరిగింది. నాన్న ఏ పని చేస్తున్నా వెనక నిలబడి డ్రాయింగుతో పోల్చి చూడటం మొదలెట్టాను.

ఆ దారి సంగతి ఆయనకెలా తెలిసిందో ఈరోజుకీ నాకు అంతుపట్టలేదు. మళ్లీ అడిగే ధైర్యమూ లేదు.

మొన్న ఆయనే వేరే ఎవరికో చేసిన కొత్త నమూనా, దాని డ్రాయింగు రెండూ తెచ్చి నా ముందు పెట్టారు.

"సూసుకోమ్మా. కాయితంలో ఉన్నదే సేసినాను."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒకరి చేత మాట పడని మనిషి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా స్కేలు తీసుకుని ప్రతి కొలతా చూశాను.