వేడెక్కిందా గారు

వీధిలో ఒక్కొక్కరికి ఒక్కో భయం. ఒకరికి కుక్కలంటే భయం, ఒకరికి బల్లులంటే భయం, ఎదురింటాయనకు వాళ్ళావిడంటే భయం. చివరింటి కోడలి మామయ్యగారికి మాత్రం వేడంటే భయం. ఎండ వేడి కాదు, జ్వరం వేడి కాదు. యంత్రాలకు పుట్టే వేడి. టీవీ కనిపిస్తే దాని వీపు నిమురుతారు. ఫ్రిజ్ కనిపిస్తే వంగి వెనక చెయ్యి పెట్టి చూస్తారు. ఎవరింటికి వెళ్ళినా కుశల ప్రశ్నలకంటే ముందు "వేడెక్కిందా?" అని అడుగుతారు. అందుకే వీధంతా ఆయన్ను చాటుగా "వేడెక్కిందా గారు" అంటుంది. ఎదురుగా అనడానికి ఎవరూ సాహసించరు. ఆయనకు కోపమొస్తుందని కాదు, దగ్గరికి పిలిచి వాళ్ళ ఫోను లాక్కుని చెంపకు ఆనించి చూస్తారని.

ఆయన ఉద్యోగమంతా కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరుగా గడిచింది. లోపల బంగాళాదుంపల బస్తాలు, బయట గోడకు ముల్లున్న డయలు, దాని ముందు స్టూలు మీద ఈయన. ముల్లు కాస్త పైకి కదిలితే చాలు, కంప్రెసరు దగ్గరికి పరుగు. రిటైరయ్యాక డయలు అక్కడే ఉండిపోయింది గానీ, ఆ పరుగు మాత్రం ఆయనతో ఇంటికి వచ్చేసింది.

ఒకసారి గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరిన తోడల్లుణ్ణి చూడటానికి వెళ్ళారు. రోగిని పలకరించడం మానేసి మంచం పక్కనున్న మానిటరు వెనక్కి చెయ్యి పోనిచ్చారు. "ఎలా ఉంది బావగారూ?" అని బిక్కమొహం వేసుకుని అడిగింది మరదలు. "మనిషికేం ఢోకా లేదమ్మా. దీనికే పాపం గాలాడటం లేదు. గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపించు" అన్నారు. నర్సు వచ్చి ఆయన్నే జానెడు అవతలికి జరిపింది.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి కోడలు పెద్ద కంప్యూటరు తెచ్చుకుంది. ఆమె పని, కట్టబోయే భవనాలను ముందుగానే తెర మీద నిలబెట్టి చూపించడం. గోడలు, మెట్లు, కిటికీలోంచి పడే వెలుతురుతో సహా. నడుము డిస్కు జారి చాలాకాలం మంచం పట్టి, పాత ఉద్యోగం పోగొట్టుకుని, ఎట్టకేలకు ఈ కొత్తది సంపాదించింది. ఇంటినుంచే పని. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఇప్పుడు చేస్తున్నది ఒక బడి భవనం. అది మేనేజరుకు నచ్చితే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ దిగులుతో ఆమె కుర్చీకి అతుక్కుపోయింది.

మామయ్యగారు వారం తిరక్కుండానే సీపీయూ మూత విప్పారు. బియ్యపు గింజంత సెన్సర్లు లోపల అక్కడక్కడా అంటించారు. ముందుకు రెండు, వెనక్కి ఒకటి ఫ్యాన్లు బిగించారు. మూత అంచు చుట్టూ లైట్ల పట్టీ వేశారు. చల్లగా ఉంటే నీలం, కాస్త వెచ్చబడితే ఆకుపచ్చ, ఆ తర్వాత నారింజ, ఆఖరికి ఎరుపు. రంగు మారినకొద్దీ ఫ్యాన్ల జోరు పెరుగుతుంది. ఎరుపు వచ్చిందంటే మిక్సీలో గులకరాళ్ళు వేసినట్టు గోల. అంతటితో ఊరుకోలేదు. కోడలి చక్రాల ఆఫీసు కుర్చీని అవతల పారేసి బరువైన చెక్క కుర్చీ వేయించారు. దానికి స్వయంగా దూది కూరి, మందపాటి దిండు కుట్టారు.

"కుర్చీ ఎందుకు మామయ్యగారూ? అదేం వేడెక్కదు కదా?"

"చక్రాల కుర్చీ దొర్లుతుందమ్మా. వైర్లు తెగుతాయి" అన్నారాయన, ఎటో చూస్తూ.

అప్పటినుంచి కోడలికి మనశ్శాంతి లేదు. మెట్లు గీస్తూ ఉంటుంది, కంటి కొసన లైటు ఆకుపచ్చగా మారుతుంది. మెట్టు ఒకటి ఎక్కువ పడుతుంది. కిటికీలు పెడుతూ ఉంటుంది, నారింజ. కిటికీ వంకరగా పడుతుంది. ఎరుపు రాగానే చేసిన పనంతా సేవ్ చేసి, చంటిబిడ్డకు ఫిట్సు వచ్చినట్టు లేచి నిలబడి కేకేస్తుంది.

"మామయ్యగారూ! ఎర్రబడింది!"

ఆయన తయారుగా ఉంటారు. "కంగారు పడకు. కాసేపు వదిలెయ్. నువ్వెళ్ళి మంచినీళ్ళు తాగు."

"నీళ్ళు నాకెందుకు? వేడెక్కింది అది కదా?"

"నువ్వు పక్కనుంటే గదిలో వేడి తగ్గదమ్మా. మనిషి ఒంటి వేడి తక్కువనుకున్నావా? అలా వరండా చివరిదాకా నడిచిరా. చేతులు పైకెత్తి ఊపు."

"చేతులు ఊపడమెందుకు?"

"గాలాడుతుంది."

ఆమె ఊపేది. భయంలో ఉన్న మనిషి చేతులేం ఖర్మ, చెబితే చెవులు కూడా ఊపుతుంది. తిరిగి వచ్చేసరికి లైటు నీలంగా, బుద్ధిగా ఉండేది. ఒక విచిత్రం మాత్రం ఆమె గమనించకపోలేదు. భవనం మొత్తాన్ని బొమ్మగా మార్చే బండ చాకిరీ దానికి అప్పజెప్పి తను వంటింట్లోకి వెళ్తే, కంప్యూటరు ఆకుపచ్చ కూడా దాటేది కాదు. తను కూర్చుని తాపీగా తలుపుకు గొళ్ళెం గీస్తే మాత్రం ఎర్రబడేది.

"దానికి నేనంటే పడదండీ" అని మొగుడి దగ్గర మొత్తుకుంది.

"మా నాన్న పెట్టిన సెన్సరు అబద్ధం చెప్పదు" అని అతను షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

ఇలా లేచి కూర్చుని, లేచి కూర్చుని, బడి భవనం ఆలస్యమైంది. ఒక గడువు దాటింది. మేనేజరు ఫోన్లోనే కడిగేసింది. "మీ కంప్యూటరుకు రోజూ జ్వరమొస్తుంటే నేనేం చెయ్యాలండీ? రేపు మధ్యాహ్నానికి బడి నా ముందుండాలి. లేకపోతే ఈ పనికి వేరే మనిషిని చూసుకుంటాం." ఆ రాత్రి కోడలికి అన్నం సహించలేదు.

తెల్లవారి కూర్చుంది. గోడలన్నీ అయ్యాయి, పైకప్పు మిగిలింది. ఆకుపచ్చ. నారింజ. చూడకూడదనుకుంటూనే చూసింది. సరిగ్గా పైకప్పు ఎక్కిస్తుండగా ఎరుపు, గులకరాళ్ళ గోల. కేకేస్తే పలికే మామయ్యగారు కూరగాయలకు వెళ్ళారు. ఇప్పుడిది చచ్చిందంటే ఉద్యోగం కూడా చచ్చినట్టే. గబగబా సేవ్ చేసి, ప్రోగ్రాములన్నీ మూసేసి, వంటింట్లోకి పోయి టీ పెట్టుకుంది. చేతులు కూడా ఊపింది.

గ్లాసుతో వచ్చి చూస్తే ఫ్యాన్లు ఇంకా మొత్తుకుంటూనే ఉన్నాయి. ఎరుపు ఎరుపుగానే ఉంది. కుర్చీలో పక్కింటి పిల్లి చుట్ట చుట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

ఆమె సీపీయూ మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. వెనక వేసింది. ఇంకా చల్లగా ఉంది. పిల్లి కేసి చూసింది. పిల్లిని ఎత్తి కింద పెట్టింది. అది తిట్టుకుంటూ వెళ్ళింది. కాసేపటికి ఫ్యాన్లు సద్దుమణిగాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం.

దిండు ఎత్తి కుట్టు విప్పింది. దూది నడిమధ్యన బియ్యపు గింజంత సెన్సరు. దాన్నుంచి సన్నటి తీగ కుర్చీ కాలు వెంట దిగి, చాప కింద దూరి, సీపీయూలోకి పోతోంది. నమ్మలేక ఆ గింజను టీ గ్లాసుకు ఆనించింది. అంతే, ఇల్లెగిరిపోయే గోల, గదంతా ఎరుపు.

అప్పుడే వీధి గుమ్మంలో సంచి పడేసి మామయ్యగారు పరుగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా? వేడెక్కిందా?"

"ఎక్కింది మామయ్యగారూ. టీ."

ఆయన గ్లాసును చూశారు, తీగను చూశారు, పొట్ట చీలిన దిండును చూశారు. నేల చూపులు చూస్తూ నిలబడిపోయారు.

"ఏమిటిది? కంప్యూటరు పోతుందని నేను రోజూ చస్తున్నాను! మీరు కుర్చీకి పెట్టారా?"

"కుర్చీకి కాదమ్మా" అన్నారాయన మెల్లగా. "నీకు."

ఆమె గింజను గ్లాసు మీంచి తీసి దిండు మీద పడేసింది.

"డాక్టరు ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు. లేవమ్మా అని మొదట్లో చెప్పాను. పనుంది అన్నావు. మళ్ళీ చెప్పాను. చిన్నపిల్లనా మామయ్యగారూ అని తలుపేసుకున్నావు. కోల్డ్ స్టోరేజీలో కూడా మాటిమాటికీ తలుపు తియ్యకూడదు, ఉన్న చలి పోతుంది. బయటినుంచే ముల్లు చూసుకోవాలి. నువ్వు నీకోసం లేవవు. కంప్యూటరుకు ఏమైనా అవుతుందంటే మాత్రం లేస్తావు. నాకు తోచిన తెలివి అది."

"దీనివల్లే నా పని ఆలస్యమైంది. మధ్యాహ్నంలోగా పంపకపోతే ఉద్యోగం పోతుంది."

మామయ్యగారి మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆయనకు నిజంగా తెలియదు. కటింగ్ ప్లయరు తెచ్చి తీగను పుటుక్కున తెంచేశారు. "కూర్చో. నేనింక అడ్డం రాను" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

కోడలు పైకప్పు పని మీద పడింది. లైటు నీలంగానే ఉంది, ఫ్యాన్లు గుసగుసలాడుతున్నాయి. ఇన్నాళ్ళూ కోరుకున్న ప్రశాంతత ఇదే. కానీ వరండాలో అడుగుల చప్పుడు ఆగటం లేదు. తలుపు దాకా రావడం, గొంతు సవరించుకోవడం, వెనక్కి పోవడం. పని సాగేకొద్దీ నడుములో పాత పోటు లేచింది. పళ్ళు బిగించి ఓర్చుకుంది. అడుగులు తలుపు దగ్గర ఆగాయి.

"అమ్మాయ్... వేడెక్కిందా?"

"లేదు మామయ్యగారూ. నీలంగానే ఉంది."

"కంప్యూటరు సంగతి కాదమ్మా."

ఆమె చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. కోపం ఎటు పోయిందో పోయింది. "ఎర్రబడిందండీ" అంది. "కానీ లేస్తే పని ఆగిపోతుంది."

"లే! ఎందుకాగుతుంది?" అంటూ ఆయన లోపలికి దూకారు. స్టూలు తెచ్చి బల్ల మీద పెట్టారు. దాని మీద పనిముట్ల పెట్టె పెట్టారు. పెట్టె మీద మానిటరు, పక్కన పప్పు డబ్బా మీద కీబోర్డు. ఎత్తు చాలలేదని ఇంకో డబ్బా వేశారు. కోడలు నిలబడి పైకప్పు ముగించింది. ఆయన ఆ కట్టడమంతా కూలకుండా రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గడువు ముంచుకొస్తుండగా బడి మేనేజరుకు వెళ్ళిపోయింది.

ఇద్దరూ ఫోను వైపే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి అది మోగింది. కోడలు స్పీకరు పెట్టింది.

"చూశానండీ" అంది మేనేజరు. "బాగుంది. చాలా బాగుంది. వచ్చేవారం ఇంకో భవనం పంపుతాను. ఇంతకీ మీ కంప్యూటరు బాగయిందా?"

"దానికెప్పుడూ ఏం లేదండీ" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "ఇబ్బంది నా నడుముతోనే. ఇంట్లో చూసుకునేవాళ్ళున్నారు."

"అదృష్టవంతులు. నేను పొద్దున్నుంచీ ఈ సీట్లోంచి కదల్లేదు."

మామయ్యగారు ఉలిక్కిపడి, మానిటరు వదిలేసి ఫోను మీదికి వంగారు. "అయ్యో! ఒకసారి లేవండమ్మా. నీళ్ళు తాగి, చేతులు పైకెత్తి ఊపండి."

"ఎవరండీ?"

"మా మామయ్యగారు" అంది కోడలు, ఊగుతున్న మానిటరును పట్టుకుంటూ. "లేచెయ్యండి మేడమ్, ఊరుకోరు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.