నిలబడి అమ్మే బండికి వాలు అక్షరాలు

2022 చలికాలం. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద నాది రేడియం స్టిక్కర్ల దుకాణం. బండ్ల మీదికి అక్షరాలు కోసి అంటించడం పని. అంతకుముందు కుంచె పట్టేవాణ్ణి. చదవడం నలభై దాటాకే నేర్చుకున్నాను. అప్పటిదాకా అక్షరాలను బొమ్మల్లాగే గీశాను. ఇప్పటికీ నా కంటికి ముందు ఆకారమే ఆనుతుంది.

మా దగ్గర ఎక్కువమంది అడిగేది బోల్డ్ ఇటాలిక్ సాన్స్ సెరిఫ్. లావుగా ఉంటుంది, కుడికి వాలి ఉంటుంది, కొసలకు తోకలు, సోకులు ఉండవు. సన్న అక్షరం స్టిక్కర్ ఒలిచేటప్పుడు చిరుగుతుంది, ఇది చిరగదు. ఉరుకుతున్నట్టు కనిపిస్తుంది కనుక ట్రావెల్స్ బస్సులకు, కొరియర్ బండ్లకు, కబడ్డీ జెర్సీలకు ఇదే. పెళ్లి కార్డుకు మాత్రం వద్దు, కొట్లాటకు పోతున్నట్టుంటుంది.

మోస్రా నుంచి రాజవ్వ, ఆమె అల్లుడు ఒక ట్రాలీ ఆటో తెచ్చారు. ఆమె బీడీలు చుట్టడం మానేసి, ఆటోను రోడ్డు పక్కన నిలిపి జొన్న రొట్టెలు అమ్మబోతోంది.

"ట్రావెల్స్ బస్సు మీద ఉన్నట్టు కొట్టు కాకా, జబర్దస్త్ ఉండాలె" అన్నాడు అల్లుడు.

రెండు పక్కలా, వెనకా 'రాజవ్వ జొన్న రొట్టె' అని వాలు అక్షరాలే అంటించాను.

పక్షం తిరక్కుండానే ఆటో మళ్లీ దుకాణం ముందు ఆగింది. రాజవ్వ దిగింది.

"అన్నా, గిరాకీ లేదు. జనం సూస్తున్నరు, పోతున్నరు. గిట్లనే ఉంటే ఆటో అమ్ముతనంటుండు అల్లుడు. నేను మల్ల బీడీల చాట ముందటేసుకోవాలె."

"నా అక్షరాలేం జేసినయ్ చెల్లె? నీ రొట్టెనే బాగలేదేమో."

ఆమె మూట విప్పి రొట్టె, ఎల్లిపాయ కారం నా చేతిలో పెట్టింది. "తిను. తిన్నంక మాట్లాడు."

తిన్నాను. రొట్టెలో లోపం లేదు.

"ఇగ ఎడమ పక్క సూడు. నాకు సదువు రాదు గని కండ్లున్నయ్. నీ అచ్చరాలు ఎనక్కి పడుతున్నయ్."

నిజమే. కుడి పక్కన ముందుకు వాలే అక్షరం, ఎడమ పక్కన వెనక చక్రం వైపు వాలుతుంది. స్క్యూ చేసి, అంటే ఎదురు దిక్కుకు వంచి, సరిచేయొచ్చు. దానికోసం కొలతలు తీసుకుంటుంటే సైకిల్ మీద పోయే ఒకాయన ఆగాడు.

"కాకా, గీ కొరియర్ బండి వర్ని దిక్కు పోతదా? పార్సల్ ఉండె."

"రొట్టెల బండి నాయినా! రాసున్నది గద!" అంది రాజవ్వ.

"బండి కదుల్తున్నట్టే ఉన్నదవ్వా, ఎవడు సదువుతడు?"

నేను టేపు చుట్టేశాను. రెండు పక్కలా ఒలిచేసి, అంతే లావుతో, అదే రంగులో నిటారు అక్షరాలు వేశాను. పేరు చిన్నది చేసి 'జొన్న రొట్టె' పెద్దది చేశాను. వెనక మాత్రం వాలు అక్షరాలు ఉంచాను. ఆటో పోతుంటే వెనక వచ్చేవాళ్లు చూసేది అదే కదా.

కొన్నాళ్లకు వెళ్లి చూస్తే చెరుకు ట్రాక్టర్ల వాళ్లు ఆటో చుట్టూ నిలబడి తింటున్నారు.

"ఏమన్నా, నా రొట్టె బాగలేదంటివి?" అంది రాజవ్వ.

"అల్లుడేమంటుండు?"

"ఇంకో ఆటో కొందామంటుండు. పాగల్!"

చాలా ఏళ్లు అక్షరం అందంగా కుదిరిందా లేదా అన్నదే చూశాను. ఇప్పుడు ఎవరు బండి తెచ్చినా ముందు ఒకటే అడుగుతాను: గిరాకీ వచ్చేది బండి పోతున్నప్పుడా, ఆగినప్పుడా? ఆగినప్పుడే అంటే, ఎంత బతిమాలినా పక్కలకు వాలు అక్షరం అంటించను.