దీపావళి పొగ, పక్కన ఖాళీ మంచం

దీపావళి మర్నాడు పొద్దున అంగీ గుండీలు పెట్టుకుంటూ మధ్యలో ఆగిపోయాను. ఊపిరి అందలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. మాది హుజూరాబాద్. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఫైర్‌మన్‌ని.

ముందు రాత్రి స్టేషన్‌లో గంట ఆగకుండా మోగింది. మొదట గుడిసెలు, తర్వాత టింబర్ డిపో, చివరికి పాత సినిమా రీళ్లు దాచిన గోదాము. కిటికీలోంచి తారాజువ్వ పడిందన్నారు. అక్కడి పొగ నల్లగా లేదు, పసుపూ ఎరుపూ కలిసిన రంగు. మాకు మాస్కులు లేవు. తడి తువ్వాలు మూతికి కట్టుకొని నేనూ, మా లీడింగ్ ఫైర్‌మన్ ఖాదర్ భాయీ లోపలికి పోయాము. ఆయనది కరీంనగర్. నాకంటే పదేళ్లు పెద్ద.

బయటికొచ్చాక జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. మా స్టేషన్‌లో అందరికీ అదే మందు.

"దవడకు పెట్టుకో తమ్మీ, పొగ దిగిపోతది."

"గిట్ల రోజూ తింటే షుగరొస్తది భాయ్."

"గంత దాక బతుకుతే అప్పుడు చూద్దాం తీ," అని నవ్వాడు.

దగ్గు నిజంగానే తగ్గింది. ఎవరిళ్లకు వాళ్లం పోయి పడుకున్నాము.

పొద్దున నా పెదవులు నీలంగా మారడం చూసి నా భార్య లక్ష్మి భయపడింది. "బెల్లం లేదు, గిల్లం లేదు. నడువు దవాఖానకు," అని రిక్షా ఎక్కించింది. దారిలో నోట్లోంచి నురగ వచ్చింది.

"పల్మనరీ ఎడీమా. లంగ్స్‌లో నీరు చేరింది," అన్నాడు డాక్టర్. "ఫిల్మ్ కాలిన గ్యాస్ ఇది. ముందు ఏమీ అనిపించదు, కొన్ని గంటలయినంక పట్టుకుంటది. నీతోని లోపటికి ఇంకెవరు పోయిండ్రు?"

ఆక్సిజన్ మాస్కు కింద నేను మాట్లాడలేకపోయాను. ఒక వేలు చూపించాను. లక్ష్మి ఖాదర్ భాయ్ పేరు చెప్పింది. డాక్టర్ వెంటనే స్టేషన్‌కు ఫోన్ చేయించాడు. సిస్టర్ పక్క మంచం మీద దుప్పటి పరిచి, ఇంకో సిలిండర్ తెచ్చి పెట్టింది. నేను ఆ మంచాన్నే చూస్తూ పడుకున్నాను.

మధ్యాహ్నం సిస్టర్ వచ్చి, వాడకుండానే ఆ సిలిండర్ తీసుకుపోయింది.

"రాత్రంత డ్యూటీ చేసొచ్చిండు, లేపకుండ్రి" అని ఖాదర్ భాయ్ ఇంట్లోవాళ్లు ఆయన గది తలుపు దగ్గరికి వేసి ఉంచారట. స్టేషన్ నుంచి మనిషి పోయి తలుపు తీసేసరికే ఆలస్యమైంది.

ఇంటికొచ్చిన మూడో వారంలో జ్వరం, ఆయాసం తిరగబెట్టాయి. మళ్లీ ఎక్స్‌రే తీశారు. "స్మాల్ ఎయిర్‌వేస్, అంటే లంగ్స్‌లో సన్న గాలి గొట్టాలు, దెబ్బతిన్నయి. వాపు తగ్గనీకి ప్రెడ్నిసొలోన్ గోలీలు ఇస్తున్న. నీకు మంటల డ్యూటీ ఇంక లేదు," అన్నాడు డాక్టర్.

కరీంనగర్‌కు బదిలీ చేసి టెలిఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. కాల్ రాగానే అందరూ బండెక్కేవారు. చప్పుడు దూరమయ్యేదాకా విని, నేను రిసీవర్ పెట్టేసేవాణ్ణి. పొగలోంచి తిరిగొచ్చినవాళ్లను మాత్రం డాక్టర్ చూడకుండా పడుకోనిచ్చేవాణ్ణి కాదు. "గీ ముసలోడు సావనియ్యడు, నిద్రపోనియ్యడు," అని తర్వాత్తర్వాత చేరిన కుర్రాళ్లు తిట్టుకునేవారు.

ఇప్పుడు హుజూరాబాద్‌లోనే ఉంటున్నాను. మెట్లెక్కలేను. దీపావళికి లక్ష్మి సాయంత్రమే కిటికీలన్నీ మూసేస్తుంది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. పొగ మింగితే, దగ్గు తగ్గినా సరే, ఆ పూటే దవాఖానకు పోండి. ఒక్కరే పోకండి. మీతో పొగలో ఉన్నవాళ్ల తలుపు కొట్టి, నిద్ర లేపి, వెంట తీసుకుపోండి.